బల్ల కదలకూడదు

ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. వీధి చివర మెట్లకింద నాలుగడుగుల వెడల్పున్న షాపు ఆయనది. లెంపకాయ మెకానిక్ షాపెక్కడ అంటే బడికెళ్ళే పిల్లలు కూడా దారి చూపిస్తారు. ఆ పేరు టీవీల కాలంలో వచ్చింది. వీపు గంపలా ఉబ్బిన పాత టీవీల్లో బొమ్మ ఎగురుతుంటే, మిగతా మెకానిక్కులు వెనకమూత విప్పి గంటసేపు వెతికేవాళ్ళు. ఈయన టీవీ చుట్టూ ఒకసారి తిరిగి, కుడిచేత్తో దాని బుగ్గ మీద ఒక్కటిచ్చేవాడు. బొమ్మ నిలబడేది. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టేవాళ్ళు. దెబ్బకు దెయ్యం వదులుతుందంటారు. దెయ్యాల సంగతి తెలియదు గానీ, ఆయన దెబ్బకు టీవీలు మాత్రం దారికొచ్చేవి. లోపల టంకం ఊడిన తీగ ఒకటి ఆ దెబ్బకు కాసేపు అతుక్కుంటుందనీ, నెల తిరక్కుండా మళ్ళీ ఊడుతుందనీ ఆయనకు తెలుసు. మూత విప్పి టంకం పెడితే సరైన పని అయ్యేది. కొడితే పేరొచ్చేది. ఆయన పేరునే ఎంచుకున్నాడు.

పేరుతోపాటు చేతివాటం కూడా పెరిగింది. బాగుచేసిన సెట్టు మళ్ళీ పాడైందని అరవడానికి వచ్చిన గుమాస్తాను ఒకసారి కొట్టాడు. స్తంభమెక్కిన లైన్‌మన్ దిగేదాకా కిందే కాపుకాసి, దిగాక కొట్టాడు. ఇంటి యజమాని బావమరిదిని కొట్టాడు. తాడి తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు కదా, ఆ బావమరిది తిరిగి కొట్టిన దెబ్బకు మెకానిక్ పైవరసలో రెండు పళ్ళు ఎగిరిపడ్డాయి. అయినా బుద్ధి రాలేదు. 'స' అన్నప్పుడల్లా కొంచెం గాలి మాత్రం వచ్చేది.

ఇంట్లో కూడా కొట్టేవాడు. ఈ మాట దాటేసి కథ చెప్పడం సులువే. చాలామంది అలాగే చెబుతారు, కోపం ముక్కుమీదుంటుంది గానీ మనసు వెన్న అని. వెన్న సంగతి తినేవాళ్ళని అడగాలి. భార్యను కొట్టేవాడు, ఒక్కగానొక్క కూతుర్ని కొట్టేవాడు. మార్కులు తగ్గితే కొట్టేవాడు, తలుపు తీయడం ఆలస్యమైతే కొట్టేవాడు, షాపులో ఎవరినో కొట్టడం కుదరకపోతే ఆ బాకీ ఇంటికొచ్చి తీర్చుకునేవాడు. కూతురికి పద్దెనిమిదేళ్ళు వచ్చాక మానేశాడు. ఎందుకు మానేశావని ఎవరూ అడగలేదు, ఎందుకు కొట్టావని కూడా ఎవరూ అడగలేదు.

టీవీలు పలకల్లా పలచబడ్డాక బుగ్గలే లేకుండా పోయాయి. అప్పుడాయన నలభైమూడేళ్ళ వయసులో కంప్యూటర్ల పని నేర్చుకున్నాడు. బుర్ర మంచిది, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. ముఖ్యంగా హార్డ్ డిస్కుల దగ్గర ఆయన మాటకి ఎదురుండేది కాదు. మనిషి రాసుకున్నవీ తీసుకున్న ఫొటోలూ అన్నీ కంప్యూటర్ దాచుకునేది ఆ డిస్కులోనే. లోపల అద్దంలాంటి పళ్ళెం గిర్రున తిరుగుతూ ఉంటుంది. దానిమీద సన్నటి తల ఒకటి తాకీ తాకనట్టు తేలుతూ చదువుతుంది. ఆ తల పళ్ళాన్ని తాకిందంటే గీత పడుతుంది. గీత పడినచోట ఉన్నది ఇక దేవుడు దిగొచ్చినా తిరిగి రాదు.

ఈ సంగతి ఆయన అట్టముక్క మీద ఎర్రసిరాతో రాసి షాపుకి వేలాడదీశాడు. "మిషను మందగిస్తే అనుమానించు. ఫైళ్ళు మాయమైతే భయపడు. టిక్కు టిక్కుమంటే వెంటనే ఆపు. మళ్ళీ మళ్ళీ వెయ్యకు, విప్పకు, తట్టకు. నా దగ్గరికి తే." దాన్ని లెక్కచెయ్యకుండా ప్రాణం పోయేదాకా డిస్కును వాడుకుని తెచ్చినవాళ్ళమీద మండిపడేవాడు. "వారం రోజులు మొత్తుకుంది కదరా అది! నీ చెవుల్లో సీసం పోసుకున్నావా?" అని ఒక ఫొటోగ్రాఫర్‌ని చెంపమీద కొట్టాడు కూడా. తట్టకు అని రాసిన అట్ట కిందే నిలబెట్టి కొట్టాడు. పాపం, ఆ ఫొటోగ్రాఫర్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఒక సోమవారం పొద్దున పదకొండు గంటలకి షాపు ముందు ఆటో ఆగింది. అందులోంచి కూతురు దిగింది. దుప్పటి చుట్టిన సీపీయూ పెట్టెను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చి బల్లమీద పెట్టింది. కింది పెదవి చీలి ఉంది. ఎడమకన్ను చుట్టూ నల్లగా కమిలింది. ఎడమచేతి రెండు వేళ్ళు కలిపి కట్టు కట్టి ఉన్నాయి.

"ఎవడే?" అని లేచాడు మెకానిక్.

"ఎవడేంటి నాన్నా, నువ్వు చేసిన సంబంధమే," అంది కూతురు.

అల్లుడు కారు నడపడం నేర్పించే బడిలో మాస్టరు. గట్టిగా మాట్లాడటం ఎరగడు. పక్క సీట్లో కూర్చుని ఎంత మొద్దుకైనా మెల్లగా, మర్యాదగా నేర్పిస్తాడని ఊరంతా అనుకుంటారు. ఆ మెత్తదనం చూసే మెకానిక్ కూతుర్నిచ్చాడు. నాలా కాదు, ఈగను కూడా అదిలించడు అని చెప్పుకుని మురిసిపోయాడు. మూడేళ్ళయింది.

కూతురు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. వేళ్ళు విరిగిన రోజున తన చేతికి తనే ఎక్స్‌రే తీసుకుంది. ఆ ఫిల్ము పట్టుకుని కోర్టుకెళ్తే, జారిపడిందని భర్త చెప్పాడు. అత్తగారూ ఆడపడుచూ ఔనౌనన్నారు. న్యాయాధికారి గురువారానికి వాయిదా వేసి, సాక్ష్యం ఏదైనా ఉంటే తెమ్మంది.

"ఎముక విరిగిందని ఎక్స్‌రే చెబుతుంది, ఎవడు విరిచాడో చెప్పదు కదా. అది తెలిసే, వేళ్ళు విరగకముందునుంచీ కంప్యూటర్ మీదున్న కెమెరా వేసే ఉంచాను, ఆ రోజు పెట్టెను కోర్టుకి తేలేకపోయానంతే. పదకొండు రోజులు తీశాను. అంతా ఇందులోనే ఉంది. నిన్న వాడు నన్ను తోస్తే వెళ్ళి బల్లమీద పడ్డాను, నడుస్తున్న పెట్టె కిందపడింది. తర్వాత వేస్తే ఫైళ్ళ పేర్లు పిచ్చిగీతల్లా వచ్చాయి. లోపల టిక్కు టిక్కుమంది. వెంటనే ప్లగ్గు పీకేశాను. మళ్ళీ వెయ్యలేదు."

"ఇంకోచోట కాపీ లేదా?"

"ఫోన్లో పెడితే వాడు చూస్తాడు. ఎక్కడ పెట్టను?"

గురువారం పదిన్నరకి వాయిదా. ఆ పదకొండు రోజులు దొరక్కపోతే ఆమె జారిపడినట్టే రాసేసుకుని ఇంటికి పంపేస్తారు. ఆ ఇంట్లో ఈసారి వేళ్ళతో ఆగదని ఇద్దరికీ తెలుసు.

మెకానిక్ పెట్టెకు కరెంటు పెట్టాడు. తెర నల్లగానే ఉంది. టిక్కు. కాసేపాగి మళ్ళీ టిక్కు. ఆయనకు కూతురి పెదవి కనబడుతోంది, కమిలిన కన్ను కనబడుతోంది, మెత్తటి అల్లుడి మొహం కనబడుతోంది. ఒళ్ళంతా నిప్పులు పోసినట్టయింది. ఆ కోపంలో చెయ్యి దానంతటదే లేచింది. పెట్టె బుగ్గమీద ఠపీమని ఒక్కటిచ్చాడు.

లోపల టిక్కు ఆగింది. దాని స్థానంలో గోరుతో రేకును గీకినట్టు కర్రుమని ఒక చప్పుడు వచ్చింది. ఆయన గబుక్కున ప్లగ్గు లాగేశాడు.

"నాన్నా, అది టీవీ కాదు," అంది కూతురు చాలా నెమ్మదిగా.

లోకమంతటికీ తట్టకు అని బోర్డు రాసిపెట్టిన మనిషి, కన్నకూతురి బతుకున్న డిస్కును లాగి కొట్టాడు. తిట్టడానికి ఎదురుగా ఎవరూ లేరు. తనను తాను లెంపలేసుకుందామన్నా, అదీ కొట్టడమే. ఆయన స్టూలుమీద కూర్చుండిపోయాడు. 

"పోయిందా?" అని అడిగింది.

"తెలీదు. కొంత పోయుంటుంది. ఎంతో తెలీదు. నువ్వు వెళ్ళు, నేను చూస్తాను."

"ఈ నాలుగు రోజులూ ఆసుపత్రిలోనే ఉంటాను. అక్కడికి వాడు రాలేడు. నాన్నా... ఇంకోసారి మాత్రం కొట్టకు."

ఆమె వెళ్ళాక ఆయన చేతులు కడుక్కున్నాడు. పెట్టె విప్పి డిస్కు తీసి, తువ్వాలు నాలుగు మడతలేసి దానిమీద పడుకోబెట్టాడు. పక్కన చిన్న ఫ్యాను పెట్టాడు. షాపులో మంచి మిషనుకి వైరుతో తగిలించాడు. తగిలించగానే తెరమీద ప్రశ్నలు మొదలయ్యాయి. ఈ డిస్కును ఫార్మాట్ చెయ్యమంటారా అంది. వద్దన్నాడు. తప్పులు సరిచెయ్యమంటారా అంది. వద్దే వద్దన్నాడు. సరిచెయ్యడమంటే చావుబతుకుల్లో ఉన్నవాణ్ని లేపి ఇల్లు ఊడవమన్నట్టే. ముందు ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఇంకో కొత్త డిస్కులోకి ఎత్తుకోవాలి. ఏం సరిచేసినా ఆ కాపీమీద చేసుకోవాలి. దానికొక ప్రోగ్రాం ఉంది. సులువుగా చదవగలిగిన చోట్లు ముందు చదువుకుంటుంది, మొండికేసిన చోట వాదించకుండా దాటేసి, ఆఖర్న మళ్ళీ వస్తుంది. మనుషుల దగ్గర కూడా అలా చెయ్యొచ్చని ఆయనకు యాభైఎనిమిదేళ్ళలో ఎప్పుడూ తోచలేదు.

డిస్కు తిరిగింది. గీకిన చప్పుడు మళ్ళీ రాలేదు. టిక్కు వచ్చింది, పోయింది, వచ్చింది. తెరమీద ఒక శాతం అని పడింది. ఆ క్షణం నుంచి ఆయనకు రెండే పనులు. ఒకటి, దాన్ని ఆపకూడదు, ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో నమ్మకం లేదు. రెండు, బల్ల కదలకూడదు. తిరుగుతున్న డిస్కుకి కుదుపు తగిలితే ఆ తల మళ్ళీ పళ్ళెం మీద పడుతుంది, ఈసారి లేవదు.

ఆయన రెండు చేతులూ తొడలకింద పెట్టుకుని కూర్చున్నాడు. గిరాకీలు వస్తే గుమ్మంలోనే ఆపి, గుసగుసగా మాట్లాడి పంపేశాడు. లెంపకాయ మెకానిక్‌కి గొంతు పోయిందని సాయంత్రానికి వీధంతా చెప్పుకున్నారు. లారీ వస్తుంటే ఎదురెళ్ళి, మెల్లగా పోవయ్యా బాబూ అని దణ్ణం పెట్టాడు. సోమవారం షాపులు మూసేవేళకి ఇరవైరెండు. రాత్రి బల్లకిందే పడుకున్నాడు. మంగళవారం పొద్దునకి నలభైఒకటి. మధ్యాహ్నం ఒంటిగంటకి అరవైమూడు.

అప్పుడొచ్చాడు అల్లుడు. ఇంట్లో పెట్టె లేదని, కెమెరా లేదని చూసుకున్నాక సంగతి అర్థమైనట్టుంది. చొక్కా ఇస్త్రీ నలగలేదు, చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికొచ్చాడు.

"మామయ్యా, ఆ పెట్టె మా ఇంటిది. ఇచ్చేస్తే వెళ్ళిపోతాను," అన్నాడు మెత్తగా.

"రిపేరు జరుగుతోంది. గురువారం రా."

అల్లుడు తువ్వాలు మీదున్న డిస్కును, దాని వైర్లను చూశాడు. తెరమీద అంకెను చూశాడు. చెయ్యి చాచాడు. మెకానిక్ మధ్యలోకొచ్చాడు. మొదటి గుద్దు నోటిమీద పడింది.

మెకానిక్ కుడిచెయ్యి లేచింది. ఆ చెయ్యి ఇంకా ఉక్కుముక్కే. ఒక్కటంటే ఒక్కటి వేస్తే అల్లుడు తూలి పడతాడు. కానీ ఎటు పడతాడు? నాలుగడుగుల షాపు. ఇటు గోడ, అటు బల్ల. ఎటు తిప్పి కొట్టినా మనిషి బల్లమీదే పడాలి. లేచిన చెయ్యి గాల్లోనే ఆగింది. ఆయన వెనక్కి తిరిగాడు. బల్లను ముట్టుకోకుండా, ఎడమచేత్తో కిటికీ కమ్మీనీ కుడిచేత్తో గోడకున్న అలమరానీ పట్టుకుని, డిస్కు మీద గొడుగులా వంగాడు. వీపు అల్లుడికి అప్పజెప్పాడు.

అల్లుడు తీరిగ్గా కొట్టాడు. పిడికిలితో నడుముమీద, పక్కలమీద గుద్దాడు. "ఇచ్చేయండి మామయ్యా," అంటూ మోచేత్తో మెడమీద పొడిచాడు. తర్వాత స్టూలు ఎత్తాడు. మొదటి దెబ్బకి పక్కటెముక విరిగింది, ఎండుపుల్ల విరిగినట్టు ఆయనకే వినబడింది. రెండో దెబ్బకి ఊపిరి అందలేదు. మూడో దెబ్బకి స్టూలు కాలు ఊడి చెవిని కోసుకుంటూ పోయింది. రక్తం మెడమీదుగా కారి డిస్కు మీద పడబోతే తల పక్కకి వంచి చొక్కాలోకి కారనిచ్చాడు. జుట్టు పట్టుకుని లాగాడు అల్లుడు, తలను గోడకేసి కొట్టాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. కమ్మీ వదల్లేదు. మోకాళ్ళు వంగిపోతుంటే వంగనివ్వలేదు.

అంత మోతలో కూడా ఆయనకు డిస్కు చప్పుడు వినబడుతూనే ఉంది. టిక్కు. అల్లుడి ఊపిరి వినబడుతోంది, చేతిగడియారం పట్టీ వదులై గలగలమనడం వినబడుతోంది, కాలు వెనక్కి వేశాడంటే తన్నబోతున్నాడని ముందే తెలిసిపోతోంది. కొట్టేవాడికి ఏదీ వినబడదని ఆయనకు తెలుసు, ముప్పైనాలుగేళ్ళు ఆ పక్కనే ఉన్నాడు. తినేవాళ్ళకి ఇన్ని వినబడతాయని మాత్రం ఆ మంగళవారమే తెలిసింది. ఆయనకు ఏడుపొచ్చింది. నొప్పికే వచ్చిందని తనకు తాను చెప్పుకున్నాడు.

తన్ను వెన్నుమీద పడింది. ఇంకొకటి పడితే చేతులు ఊడేవే. అప్పుడు మెకానిక్ భార్య భోజనం క్యారేజీతో గుమ్మంలోకొచ్చింది. ఆవిడ నోట్లో నాలుక లేని మనిషని పేరు. ఆ రోజు కూడా ఏమీ అనలేదు. క్యారేజీ కింద పెట్టింది. గుమ్మం పక్క స్టాండులో, పొద్దున అలవాటుకొద్దీ వేసి మరిచిపోయిన, టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ కాలుతోంది. పిడి పట్టుకుని తీసి, అల్లుడి మెడకింద చొక్కాకాలరు దించి, దాని మొనను అక్కడ నొక్కింది. సుయ్యిమంది. మెత్తటి గొంతు మనిషి పశువులా అరిచాడు. ఆ అరుపు వీధి చివరిదాకా వినబడింది. ఆవిడ ఐరన్ తియ్యలేదు. అతను వెనక్కి తిరిగితే చేతిమీద పెట్టింది, చెయ్యి లాక్కుంటే చెంపకి చూపించింది. అల్లుడు క్యారేజీ తన్నుకుంటూ బయటపడి, చెప్పులు కూడా వదిలేసి పరిగెత్తాడు.

భర్త ఇంకా కమ్మీ పట్టుకునే ఉన్నాడు.

"ఏవండీ, వెళ్ళిపోయాడు. వదలండి."

"ఎంతుంది చూడు."

"ఏంటి?"

"తెరమీదే! అంకె చూడవే!"

"అరవైనాలుగు."

అప్పుడాయన కమ్మీ వదిలి గోడవారగా జారి కూర్చున్నాడు. నోట్లోంచి రక్తం ఉమ్మితే దాంట్లో మూడో పన్ను వచ్చింది.

భార్య ఆయన్ని కొత్తమనిషిని చూసినట్టు చూసింది. "తిరిగి కొట్టకుండా ఉండటం కూడా వచ్చా మీకు?" అంది.

వీధిలోవాళ్ళు పోగయ్యారు. పోలీసుల్ని పిలుద్దామన్నారు. పిలిస్తే ముందు ఈ డిస్కునే పీక్కుపోతారని మెకానిక్ వద్దన్నాడు. డాక్టర్ దగ్గరికన్నా పదండన్నారు. అది అయ్యాకే అన్నాడు. భార్య గుమ్మంలో స్టూలు లేక చాపమీద కూర్చుని, ఐరన్‌ని మళ్ళీ స్టాండులో కాలబెట్టుకుని, సాయంత్రందాకా వీధిలోకి చూస్తూ ఉంది. ఆ పూట అటువైపు ఎవరూ దగ్గలేదు.

బుధవారం మూడు గంటలకి తొంభైనాలుగు దగ్గర ఆగిపోయింది. మిగతా ఆరింటికోసం ప్రోగ్రాం మళ్ళీ మళ్ళీ తిరిగింది, దొరకలేదు. ఆయన డిస్కును ఆపాడు. కాపీలో వెతికితే పదకొండు వీడియోల్లో ఏడు తెరుచుకున్నాయి. నాలుగు లేవు. సాయంత్రం కూతురు వచ్చి జాబితా చూసింది. పక్కటెముకలకి కట్టుతో, చెవికి కుట్లతో ఉన్న తండ్రిని చూసింది. ఏం జరిగిందో తల్లి అప్పటికే ఫోన్లో చెప్పింది.

"వేళ్ళు విరిగిన రోజుది లేదు," అంది.

"ఆ గీత నేను పెట్టిందే," అన్నాడాయన. "సోమవారం. నా చేత్తో."

 ఆమె ఏడింటినీ పెన్‌డ్రైవ్‌లో వేయించుకుంది, ఇంకోదాంట్లో కూడా వేయించుకుంది. "నువ్వు ఇవి చూడకు నాన్నా," అంది. సరేనన్నాడు. తెరుచుకుంటున్నాయో లేదో చూడ్డానికి ఒక్కోదానిలో మొదటి రెండు క్షణాలే చూశాడు. అన్నింట్లోనూ ఖాళీ గదే కనబడింది.

గురువారం కోర్టుగది చిన్నది, ఫ్యాను చప్పుడు పెద్దది. న్యాయాధికారి నడివయసు మనిషి. గోడమీద తెరపై మొదటి వీడియో వేయించింది. మెకానిక్ వెనక బల్లమీద నిటారుగా కూర్చున్నాడు, వంగితే ఎముక పొడుస్తోంది.

తెరమీద గది. కూతురు బట్టలు మడతపెడుతోంది. అల్లుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఏదో మెల్లగా అన్నాడు. కూతురు మడత ఆపింది. కళ్ళజోడు తీసింది. రెండు కాడలూ మడిచి, పక్కనున్న అరమీద జాగ్రత్తగా పెట్టింది. చేతులు కిందికి వదిలి నిలబడింది. అల్లుడు కొట్టాడు. పడింది. జుట్టు పట్టి లేపి మళ్ళీ కొట్టాడు. కడుపులో మోకాలితో పొడిచాడు. పడినదాన్ని తన్నాడు, ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు. రెండో వీడియోలోనూ ముందు కళ్ళజోడు తీసి అరమీద పెట్టింది. మూడోదాంట్లోనూ అంతే.

వెనక బల్లమీద మెకానిక్‌కి గోడకేసి తల కొట్టినప్పటికంటే ఎక్కువ కళ్ళు తిరిగాయి.

అల్లుడి ప్లీడరు లేచాడు. "మేడమ్, ఒక్క సంగతి గమనించాలి. ఒకసారి కాదు, మూడుసార్లూ ఈవిడ ముందుగానే కళ్ళజోడు తీసి భద్రంగా దాచుకుంది. దెబ్బ పడుతుందని భయపడ్డవాళ్ళు పారిపోతారు, లేదా చెయ్యి అడ్డం పెడతారు. కళ్ళజోడు మడిచిపెట్టుకుని కెమెరాకి ఎదురుగా నిలబడరు. ఈవిడ కావాలని రెచ్చగొట్టి, సిద్ధపడి తీయించుకున్న సినిమా ఇది."

అల్లుడు మెడకి కట్టుతో, తలవంచుకుని ఎంతో మర్యాదగా కూర్చున్నాడు. న్యాయాధికారి తెరవైపు మళ్ళీ చూసింది. ఆ మాట ఆవిడకీ తగిలినట్టే ఉంది.

"ఎందుకు తీశావమ్మా?"

"అలవాటండీ," అంది కూతురు.

"ఎక్కడి అలవాటు? పెళ్ళయ్యాక వచ్చిందా?"

కూతురు నోరు తెరిచి, మూసుకుంది. నేలవైపు చూసింది. ప్లీడరు చిన్నగా నవ్వాడు. ఫ్యాను తిరుగుతోంది. ఆమె చెప్పదని మెకానిక్‌కి అర్థమైంది. ఇంత జరిగినా ఆ ఒక్క మాట నలుగురిలో చెప్పి తండ్రిని బజారుకీడ్చదు. చెప్పకపోతే ఏడు వీడియోలూ నాటకమే అవుతాయి. బల్ల అంచు పట్టుకుని ఆయన లేచాడు.

"ఆ అలవాటు నా దగ్గరిదమ్మా."

ప్లీడరు అడ్డుపడబోతే న్యాయాధికారి చెయ్యెత్తి ఆపింది. "మీరెవరు?"

"తండ్రినండీ. దానికి ఎనిమిదో ఏట కళ్ళజోడు వచ్చింది. వచ్చిన నెలలోనే నేను కొడితే అద్దం పగిలి బుగ్గలో దిగింది. మచ్చ ఉంటుంది, చూడండి. అప్పట్నించి కొట్టేముందు కళ్ళజోడు తియ్యవే అనేవాణ్ని. అది తీసి అలమరాలో పెట్టి, వచ్చి నిలబడేది. పారిపోతే ఇంకా కొట్టేవాణ్ని. చెయ్యి అడ్డం పెడితే ఆ చెయ్యి మెలిపెట్టేవాణ్ని. అందుకే అడ్డం పెట్టడం మానేసింది. కొన్నాళ్ళకి నేను చెప్పక్కర్లేకుండా పోయింది. నా అడుగుల చప్పుడు వినే తీసేసేది."  ఊడిన పళ్ళలోంచి మాట సరిగ్గా రావడం లేదు, అయినా ఆగలేదు. "జాగ్రత్త గల పిల్ల అని దాన్ని మెచ్చుకునేవాణ్ని కూడానండీ. పదేళ్ళు. అదేం నాటకం ఆడలేదు. నేను నేర్పిందే అక్కడ చేసింది."

 అల్లుడు మొదటిసారి తలెత్తి మామగారివైపు చూశాడు. న్యాయాధికారి చాలాసేపు రాసుకుంది. రాసింది చదివి వినిపించి, ఇది మీ మాటేనా అని మెకానిక్‌ని అడిగింది. నాదేనని సంతకం పెట్టాడు. అల్లుడు కూతురికి, ఆమె పనిచేసేచోటికి దగ్గరగా రాకూడదని ఆర్డరు వేసింది. ఏడు వీడియోలూ పోలీసులకి పంపమంది.

"ఇకమీదట ఎక్కడుంటావమ్మా? చిరునామా రాయాలి. తండ్రిగారి ఇల్లేనా?"

ముందురోజే భార్య ఇంట్లో పాత మానిటర్లతో నిండిన గదిని ఖాళీ చేయించింది. మెకానిక్ విరిగిన ఎముకతోనే మంచం జరిపాడు.

"కాదండీ," అంది కూతురు. "ఆసుపత్రి క్వార్టర్సు రాయండి."

బయట వరండాలో తండ్రీకూతుళ్ళు నిలబడ్డారు. తల్లి ఆటో కోసం రోడ్డుమీదికి వెళ్ళింది. కూతురు కాగితాలు సంచిలో సర్దుకుంది.

"నువ్వు లేవకపోతే ఇవాళ పని అయ్యేది కాదు. అది నాకు తెలుసు నాన్నా," అంది.

"గది బాగుచేశాం. అమ్మ..."

"అమ్మ చెప్పింది." ఆమె సంచి జిప్పు వేసింది. "నేను చిన్నప్పట్నించీ ఎదురుచూశాను, ఆ మాటలు ఎప్పుడైనా నాతో అంటావని. జడ్జిగారితో అన్నావు."

ఆయన పెదవులు కదిలాయి. కోర్టులో అంతమంది ముందు వచ్చిన మాట కూతురి మొహం ముందు రాలేదు. 

"అమ్మని చూడ్డానికి వస్తాను," అంది ఆమె. "నువ్వు షాపులో ఉన్న టైము చూసి వస్తాను. డ్యూటీ ఉంటుంది కదా, ఆదివారాలే కుదురుతుంది. ఆదివారం నువ్వు ఇంట్లో ఉంటావు."

రోడ్డుమీంచి తల్లి పిలిచింది, ఆటో దొరికిందని.

"ఆదివారాలు కూడా షాపు తెరుస్తాను," అన్నాడాయన.